నీలం గుండీలు

మావారి చొక్కాకు గుండీ కుడదామని పొద్దున అమ్మ పాత బిస్కెట్ల డబ్బా తెరిచాను. మీ ఇళ్ళల్లోనూ ఉండేది కదూ, గుండీల డబ్బా? పాత బట్టలు ఎవరికిచ్చినా ముందు గుండీలు కోసి అందులో వేసుకునేవాళ్ళం. అదేదో పెద్ద పొదుపైనట్టు!

నేను ఏడో తరగతిలో ఉండగా తుఫానొచ్చింది. తెనాలిలో మా బడి సేవా క్లబ్బు పిల్లలం ఇంటింటికీ తిరిగి బట్టలు పోగుచేశాం. మా ఇంటి నుంచి నాన్న నీలం గళ్ళ చొక్కా ఇచ్చాను. అలవాటు కొద్దీ దాని నీలం గుండీలన్నీ నేనే కోసి డబ్బాలో వేశాను.

రేపల్లె అవతల ఒక ఊళ్ళో పంచుతుంటే ఆ చొక్కా ఒక తాతకు వచ్చింది. అక్కడే తొడుక్కుని, ముందు భాగం చేత్తో దగ్గరికి పట్టుకుని నిలబడ్డాడు.

"గుండీలు లేవు తాతా" అన్నాను, నాకేమీ తెలియనట్టు.

"పర్లేదమ్మా. ఎవరో పాపం, గుండీలన్నీ ఊడిపోయేదాకా తొడుక్కున్నారు. వాళ్ళకే లేకపోయినా మాకిచ్చారు, సల్లగుండాలి" అన్నాడు.

మూటలోంచి ఇంకో చీర తీసి పక్కావిడకిచ్చాను.

ఆ గుండీలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. మావారి చొక్కాకు సరిగ్గా సరిపోతాయి. మూత పెట్టేసి, కొత్త గుండీ కోసం బజారుకెళ్ళాను.