సింహాచలానికి ఉన్న క్యాడ్

నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, ఓ జూలైలో, బెంగాల్‌లో గార్డెన్ రీచ్ అనే చోట ఒక ఓడల కర్మాగారంలో పర్సనల్ విభాగం హెడ్ క్లర్కుగా ఉన్నాను. కట్టిన ఓడను అప్పగించే ముందు సముద్రంలో నడిపి చూస్తారు. దాన్ని సీ ట్రయల్ అంటాం. ఎక్కేవాళ్లంతా ఆరోగ్య పత్రం నింపాలి. వాటిని సరిచూసి, సాయంత్రం ఐదుకల్లా జాబితా పంపడం నా పని. ఓడ మర్నాడే బయల్దేరుతుంది.

శ్రీకాకుళం నుంచి వచ్చిన సింహాచలం పదిహేనేళ్లు ఇనుప రేకుల మీద సుద్దతో గీతలు గీసి, ఏడాది కిందటే డ్రాయింగు ఆఫీసుకు మారాడు. ఆ ఓడ మెట్ల నమూనా అతనిదే. తన మెట్లు తానే ఎక్కి సముద్రం చూస్తానని కర్మాగారమంతా చాటాడు.

అతని పత్రం చూసి గతుక్కుమన్నాను. సి.ఎ.డి. ఉందా? ఉంది. ఎప్పటినుంచి? ఏడాదిగా. ఇప్పుడెలా ఉంది? రోజురోజుకీ పెరుగుతోంది. కుటుంబంలో ఇంకెవరికైనా? తమ్ముడికి, నా నుంచే వచ్చింది.

సి.ఎ.డి. అంటే గుండె రక్తనాళాలు పూడుకుపోయే జబ్బని లైబ్రరీలో జీవశాస్త్రం అరల దగ్గర నిలబడి ఓ పుస్తకంలో చదివినవాణ్ణి. అలాంటివాళ్లను ఓడ ఎక్కించరు. పేరు కొట్టేశాను.

సింహాచలం మా ఆఫీసు మూడంతస్తులూ ఎక్కి పరుగున వచ్చాడు. "ఏటి బాబూ, నా పేరు కొట్టేసినారట? నానేటి తప్పు సేసినాను?"

గుండె జాగ్రత్త, ముందు కూర్చోమన్నాను. అతనికి ఆయాసం లేదు. కంగారుకు నాకే వచ్చింది. మళ్లీ పత్రం చూశాను. ఈ జబ్బు అంటుకోదని కూడా ఆ పుస్తకంలోనే చదివాను కదా!

"తమ్ముడికి నీ నుంచి ఎలా వచ్చిందయ్యా?"

"ఆదివారం ఆదివారం కూకోబెట్టి నేర్పుతున్నాను బాబూ. మౌసు పట్టడం రాక నెల్లాళ్లు నన్ను ఏడిపించినాడు."

కంప్యూటరు మీద నమూనాలు గీయడాన్ని డ్రాయింగు ఆఫీసులో క్యాడ్ అంటారు. అవే మూడక్షరాలు! నవ్వి నవ్వి కళ్లజోడు జారిపోయింది. సంగతి అర్థమయ్యాక సింహాచలం టేబులు పట్టుకుని నవ్వాడు. ఇద్దరం పత్రం పట్టుకుని డాక్టరు గదికి పరిగెత్తాం. మేం దాదా, అంటే అన్న, అని పిలిచే బెంగాలీ డాక్టరు నవ్వు ఆపుకుంటూనే గుండె పరీక్ష చేసి, అంతా బాగుందని సంతకం పెట్టాడు. తమ్ముడికి రోగం బాగా ముదిరాక ఉద్యోగానికి పంపమన్నాడు. ఐదుకు పది నిమిషాలుండగా కొట్టేసిన పేరు మళ్లీ రాశాను.

పొడి అక్షరాలకు అర్థం పుస్తకంలో వెతికే ముందు, రాసిన మనిషి ఏం పని చేస్తాడో అడగాలి. తర్వాతి ట్రయల్‌కి ఇచ్చిన పత్రంలో 'గుండె జబ్బు ఉందా?' అని విప్పి అచ్చువేయించాను. సింహాచలం 'లేదు' అని రాసి, కింద 'క్యాడ్ మాత్రం ఉంది' అని చేర్చాడు.