మా మగ్గం గోడ మీద ఎడమచేతి వస్తాదులు

ప్రపంచంలోని ఎడమచేతి బాక్సర్లలో ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అన్నది తేల్చేది మా నాయన. ధర్మవరంలో పట్టుచీరలు నేసుకునే మనిషికి ఆ అధికారం ఎవరిచ్చారని మీరు అడగకండి. మా అవ్వ రోజూ అడిగేది. ఆమెకే జవాబు దొరకలేదు.

డెబ్బైల చివరి మాట ఇది. చీరలు ఇచ్చి రావడానికి బెంగళూరు పోయినప్పుడు నాయన ఏదో మైదానంలో ఒక బాక్సింగ్ పోటీ చూశాడు. ఇక అంతే, పిచ్చి పట్టుకుంది. షావుకారు పంపే పట్టు పాత ఇంగ్లీషు పేపర్లలో చుట్టి వచ్చేది. నాయనకు ముందు పేపరు, తర్వాతే పట్టు. బాక్సరు బొమ్మ కనిపిస్తే కత్తిరించి, గంజి పూసి, మగ్గానికి ఎదురుగా ఉన్న గోడకు అంటించేవాడు. అందరినీ కాదు. ఎడమచేతివాళ్ళను మాత్రమే.

"బొమ్మ చూస్తే ఎట్ల తెలుస్తాది నాయనా?" అని అడిగాను ఒకసారి.

మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలోంచి లేచి వచ్చి, పంచె ఎగగట్టి, నిలబడి చూపించాడు. "ఇట్ల కుడి కాలు, కుడి చెయ్యి ముందరుంటే వాడు ఎడమచేతోడు. గట్టి చెయ్యి ఎనక దాచుకోనుంటాడు." ఆయన గాలిని గుద్దుతుంటే, కండెలు చుడుతున్న మా అమ్మ దారం తెంపేసుకుని మరీ నవ్వింది.

గోడ మీద పైనుంచి కిందికి ఏడుగురు. చించిన పేపర్లు కదా, పేర్లు ఉండేవి కావు. మేమే పెట్టుకున్నాం. తాతల కాలంవాడు మీసాలాయన. ఈ కాలంవాడు గుండాయన. అందరికంటే పైన, మొదటి స్థానంలో రష్యా ఆయన. ఆయన నిక్కరు పట్టీ మీది అక్షరాలు, పదో తరగతి దాకా చదివిన నాకే కూడబలుక్కున్నా రాలేదు. ఇంగ్లీషు కాదు, కన్నడం కాదు. అయితే రష్యానే అని తీర్పు చెప్పేశాను. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని మా వీధంతా ఆయన్ను రష్యాకు రాసిచ్చేసింది.

పాతకాలం వాళ్ళనూ ఈ కాలం వాళ్ళనూ ఒకే వరసలో పెట్టడమే పెద్ద తగాదా. "మీసాలాయన కాలంలో ఒకడు పడేదాకా ఆపేదే లేదు. ఈ గుండాయనను మూడు నిమిషాలకొకసారి స్టూలేసి కూర్చోబెట్టి నీళ్ళు తాపుతారు" అన్నాడు నాయన.

"మూడు నిమిషాలకొకసారా!" అవ్వకు ఒళ్ళు మండింది. "ఈడ బిందెడు నీళ్ళకి పొద్దంతా ట్యాంకరు కోసం కాసుకోనుంటే, వానికి కూర్చోబెట్టి తాపుతారా? దించు కిందికి!"

గుండాయన ఆ రోజే మూడు నుంచి ఐదుకు పడిపోయాడు. పాపం, ఎంత గొప్పవాడో ఏమో. అవ్వ దయ వల్ల పైకి పోయినవాడూ ఉన్నాడు. బక్కగా ఉండే ఒకాయన్ను చూసి, "వీనికి సంకటి పెట్టే దిక్కు లేనట్టుండాది" అని జాలిపడి రెండు మెట్లు ఎక్కించింది.

బాక్సర్ల మీద ఆమెకు కోపమేమీ లేదు. కోపమంతా నా ఎడమ చేతి మీదే. నాకు పుట్టుకతోనే ఎడమచేతి వాటం. ఆ చేత్తో ఉప్పు అందిస్తే, "మళ్ళా ఆ శని చెయ్యి!" అని కసిరేది. కండెలు చుట్టనిచ్చేది గానీ మగ్గం ఎక్కనిచ్చేది కాదు. పెళ్ళిళ్ళకు పోయే చీరలు, ఎడమచేతిది కూర్చుంటే కీడట. నాకేమో మగ్గం మీద కూర్చోవాలని ప్రాణం పోయేది. పద్దెనిమిదేళ్ళొచ్చాయి, నా వయసు వాళ్ళంతా నేస్తున్నారు, నేను మాత్రం కండెల దగ్గరే. ఏడుపొచ్చేది.

నాయన తన తల్లికి ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఒకనాడు మాత్రం రష్యా ఆయన్ను చూపించి, "అమ్మా, ఈయన ముందర కుడిచేతోడు ఒక్కడూ నిలబడలేదు. ఎడం చెయ్యి కీడయితే ఈయన గెలుస్తాడా?" అన్నాడు.

అవ్వ లేచి ఆ బొమ్మ దగ్గరికి పోయి, ముక్కు ఆనించినంత దగ్గరగా చాలాసేపు చూసింది. "సరే, ఈయన ముఖం చూసి ఒప్పుకుంటాండా. ఒక్క చీర. తప్పు పోయిందా, మళ్ళా గుంటలో కాలు పెట్టొద్దు" అంది.

నేను ఎగిరి గంతేశాను. రష్యా ఆయనకు మనసులోనే దండం పెట్టుకుని మగ్గం ఎక్కాను.

మా మగ్గాల మీద చీర బోర్లా పడుకుని ఉంటుంది. నేసేవాళ్ళకు కనిపించేది వెనకవైపే. బుట్టాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి కింద చిన్న అద్దం పెట్టుకుంటాం. పదిరోజులు నేశాను, ఒక్క పోగు తప్పలేదు. పమిట మాత్రం మిగిలింది. ఆ పొద్దున అద్దానికి దుమ్ము పట్టిందని తీసి, వెలుతురు కోసం గడపవైపు తిరిగి, పైటతో తుడిచి, ముఖం ముందు పెట్టుకున్నాను. అద్దంలో నా భుజం వెనక గోడ, గోడ మీద రష్యా ఆయన. నిక్కరు పట్టీ మీద చక్కటి ఇంగ్లీషు అక్షరాలు!

ఓర్నాయనో అనుకున్నాను. పేపరు వాళ్ళు బొమ్మను తిరగేసి అచ్చు వేశారు. అద్దంలో మా ఛాంపియను ఎడమ చెయ్యి ముందుకు చాచి, కుడి చెయ్యి వెనక దాచుకుని నిలబడ్డాడు. రష్యా కాదు సరికదా, ఎడమచేతివాడే కాదు.

ఈయన ముఖం చూసే కదా అవ్వ ఒప్పుకుంది! ఇది తెలిస్తే చీర పూర్తి కాకముందే నన్ను దించేస్తుంది. గబగబా లేచి, బొమ్మను గోరుతో ఊడబెరికి పైట కింద దాచుకున్నాను. వెనక్కి తిరిగేసరికి గడపలో అవ్వ.

"ఏమే, రష్యా ఆయన యాడికి పోతాండాడు?"

అబద్ధం నోటికి రాలేదు. బొమ్మ ఆమె చేతిలో పెట్టి, "వీడు కుడిచేతోడు అవ్వా" అని ఏడ్చేశాను.

అవ్వ కిందే కూర్చుంది. "ఈడ వీని ఎనక నిలబడిన రెఫరీ అంగీకి జేబు కుడిపక్కనుండాది. జేబు యాడుంటాదే అంగీకి? ఎడమపక్కన కదా. అరవై ఏండ్లు బోర్లా బట్ట చూసిన కండ్లివి. ఆ పొద్దే కనుక్కున్యా. నాకు తెలిసింది, నీ నాయనకు తెలీదా?"

"మరి ఎందుకు ఒప్పుకున్యావు?"

"నీ నాయన మణికట్టు మీద మచ్చ చూసినావా?"

చూశాను. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిందని చెప్పేవాడు.

"వాడూ నీ మాదిరే పుట్టినాడు. నేనే అట్లకాడ కాల్చి పెట్టినా. రెండు దినాలు ఏడ్చి, మూడోనాడు కుడి చేత్తో సంకటి తినె. గెలిచినా అనుకుంటి. అట్లాంటి గెలుపు ఇంకోటి నాకొద్దులే పిల్లా."

నాయన ఎప్పుడొచ్చాడో, గంజి గిన్నె పట్టుకుని మా వెనకే ఉన్నాడు. అవ్వ చేతిలోంచి బొమ్మ తీసుకుని, గంజి పూసి, మళ్ళీ పైనే అంటించాడు.

"నన్ను ఎడమ నుంచి కుడికి తిప్పితివి, వీణ్ని కుడి నుంచి ఎడమకు తిప్పినారు. చెల్లుకు చెల్లు. వీడే మొదటోడు" అన్నాడు నవ్వుతూ.

"వంకరగా పెట్టినావు కదరా" అంది అవ్వ.

"ఎడం చేత్తో పెట్టినా కదమ్మా. అలవాటు తప్పింది."

అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచి, గంజి ఆరకముందే బొమ్మను తనే సరిచేసింది. నేను పమిట నేయడానికి గుంటలోకి దిగాను.