పెరిగే కాళ్లకు కొన్న బూట్లు

మా చిన్నప్పుడు... సంగారెడ్డి గ్రౌండ్‌లో జరిగిన పరుగు పందెంలో మా స్వరూపక్క అందరికన్నా చివర వచ్చింది. మా స్వరూపక్క! గుమ్మడిదల దిక్కు మగపిల్లలు కూడా అందుకోలేని మనిషి! ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు నాకు.

అది స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్. నెగ్గితే చదువు, తిండి, ట్రైనింగ్ అన్నీ వాళ్లే చూసుకుంటారు... అప్పటిదాకా అక్క ఉత్త కాళ్లతోనే ఉరికేది. బూట్లు లేకపోతే లైన్‌లో నిలబడనివ్వరని మా పీటీ సారు చెప్పారు. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయే మా అమ్మ, పటాన్‌చెరు అంగడికి పోయి కొత్తవి తెచ్చింది. రెండు సైజులు పెద్దవి!

"పెరిగే కాళ్లు బిడ్డా... రెండేండ్లన్న రావద్దా?" అంటూ ముందువైపు పాత చీర పేలికలు కుక్కింది. పాడైపోతాయని పందెం దాకా తొడగనివ్వనే లేదు.

విజిల్ మోగింది. అరే, ఇది మా అక్కేనా! అంగలేసుకుంటూ ఉరికే పిల్ల, నెత్తిన నీళ్లబిందె ఉన్నట్టు పొట్టి పొట్టి అడుగులు వేస్తోంది. మడమ లేస్తే బూటు లేవడం లేదు. మలుపు దగ్గర బూటు ఒకవైపు, లోపల పాదం ఇంకోవైపు... "ఉరుకక్కా!" అని గొంతు చించుకున్నాను. ఒక్కొక్కరే దాటిపోయారు.

దిష్టి తగిలిందనుకున్నాను. సారు వచ్చి బూట్లు విప్పారు... అమ్మో! వేళ్లన్నీ కొంకర్లు పోయి ఉన్నాయి. గోళ్ల కింద నెత్తురు.

"లోపల కాలు జారుతుంటే, బూటును పట్టుకునుడే సరిపాయె వేళ్లకు. ఇగ నేలను తన్నేదెప్పుడు? గట్లయితే అడుగు పొట్టిగైతది, ఉరుకు పడిపోతది. జెర ముందుగాల చెప్పకపోతివేందే!" అన్నారు సారు.

అక్క అమ్మ దిక్కు చూసింది. "నువ్వు గంత ఇష్టంగ తెస్తివి గదనే..." అన్నది.

అమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. ఎవరికీ తలవంచని మా అమ్మ, అంతమందిలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పుడు పిల్లల కాళ్లు కొలిచి, దుకాణంలోనే నాలుగడుగులు నడిపించి మరీ కొంటున్నాం... మీ ఇళ్లలో కూడా అప్పట్లో పెరిగే కాళ్ల లెక్కేనా? చెప్పండి.

మా అక్క బూట్లా... ఏడాది తిరిగేసరికి కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. అప్పటికి సెలక్షన్‌కు అక్క వయసు దాటిపోయింది.