ఆఖరి ఆటలో నాకు వెయ్యని బంతి

తాతయ్య చనిపోయిన నెలకు గరాజ్ సర్దుతుంటే నా పాత అమెరికన్ ఫుట్‌బాల్ గ్లోవ్స్ బయటపడ్డాయి. వాటి రబ్బరు వాసనకు ఆనాటి కోపం గుర్తొచ్చింది.

అప్పుడు అమెరికాలోని అరోరాలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. విసిరిన బంతిని పరిగెత్తి పట్టుకోవడం జట్టులో నా పని. ఇంకొక్కటి పట్టుకుంటే స్కూల్ రికార్డు నాదే. అది సీజన్‌లో ఆఖరి ఆట. చివరి నిమిషంలో కోచ్ నన్ను ఎడమవైపు పరిగెత్తమన్నాడు. బంతి మాత్రం కుడివైపున్న మా జట్టు కుర్రాడు కెవిన్‌కి వేయించాడు. మేం గెలిచాం. అందరూ కెవిన్‌ని ఎత్తుకున్నారు. నేను హెల్మెట్ నేలకేసి కొట్టి కారు దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆరు నెలలుండి పోదామని గుంటూరు నుంచి వచ్చిన తాతయ్య నవ్వుతూ నా వెనకే వచ్చాడు. "భలే ఆడావురా!"

"తాతయ్యా, నేను బాల్ టచ్ కూడా చెయ్యలేదు! నన్ను చీట్ చేశారు!"

"అవతలి జట్టువాళ్ళు ఇద్దరు నీ వెంట పడ్డారు కదరా. అందుకే ఆ పిల్లాడికి దారి దొరికింది. కబడ్డీలో మేమూ ఇట్టాగే అవతలివాళ్ళని ఒక పక్కకి లాక్కుపోయేవాళ్ళం."

"ఇది కబడ్డీ కాదు! నీకేం తెలీదు!"

"సరేలే, తెలీదు. ఆ పిల్లాడికి ఒక మంచిమాట చెప్పిరా, పో."

నేను కదల్లేదు. తాతయ్యే మైదానంలోకి వెళ్ళి, వచ్చీరాని ఇంగ్లీషులో మెచ్చుకుని కెవిన్ భుజం తట్టాడు. కోచ్, కెవిన్‌ల పక్షం చేరాడని ఇల్లు చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు.

నేను చెయ్యాల్సిన పనికే ఆయన వెళ్ళాడని చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. కోపం ఇప్పటికీ ఉంది, కోచ్ మీద కాదు. డెబ్బై దాటిన మనిషిని, భాష రాని చోట, నా బదులు అంత దూరం నడిపించాను.