పాఠం అప్పజెప్పే పిల్లను చదివించడానికి కదిరి ప్రయాణం

బళ్లో అందరితో కలిసి పాఠం గడగడా చెప్పే మా మనవరాలు నాగవేణి, మూడో తరగతి పరీక్షలో ఒక్క మాట చదవలేకపోయింది. మొద్దుపిల్లకు బడెందుకు, గొర్రెల వెంట పంపుతానని నా కొడుకు పట్టుబట్టాడు. కదిరిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఇలాంటి పిల్లలకు చదవడం నేర్పుతుందని విని, పిల్లను తీసుకుని బయలుదేరాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే పక్కింటి అమ్మాయి రాస్తోంది.

నల్లమాడలో పొద్దున ఏడింటి బస్సెక్కితే, గంట దాటాక కదిరిలో దిగుతారు. కండక్టరు పిల్లను చూసి, "ఏమవ్వా, బడి మానిపించి యాడికి పిల్చకపోతాండావు?" అన్నాడు. "మానిపించకుండా ఉండేదానికే పోతాండా. నువ్వు టికెట్టు కొట్టప్పా" అన్నాను.

టీచరమ్మ ఇల్లు బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరమే. నాగవేణి పుస్తకం తెరిచి రాగం తీస్తూ పాఠమంతా చెప్పింది. టీచరమ్మ పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంది?" అంది. పిల్ల మళ్లీ మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగింది.

"చూసినావా అవ్వా, ఇది చెవితో నేర్చింది. జ్ఞాపకం గట్టిది. మొద్దు కాదు."

"కాదని నాకు తెల్దా? చదివేది ఎట్లో అది చెప్పు. నా గొర్రెలన్నిట్నీ మొగం చూసి గుర్తుపడతా, నాకెవరు నేర్పినారు?"

ఆమె నవ్వింది. "గొర్రె ఎట్ల తిరిగినా అదే గొర్రె. అక్షరానికి చిన్న గీత మారితే శబ్దమే మారిపోతాది. మాటలు వింటే వచ్చేస్తాయి. చదువు అట్ల రాదు. కంటికీ చెవికీ నడుమ మెదడులో దారి పడాల. రోజూ కొంచెం కొంచెం నడిపిస్తేనే పడతాది."

బొమ్మలున్న పుస్తకం పక్కన పెట్టి, పలక మీద ఒక మాట రాసింది. ఒక్కో అక్షరాన్నీ పలికించి, కలిపించింది. "కం... ది... కంది!" అని పిల్ల ఎగిరింది. ఎవరూ పాడి వినిపించని మాట అది.

ఆ తర్వాత వారం వారం పోయాం. టీచరమ్మ రాసిచ్చిన మాటలతో ఇంటి దగ్గర రోజూ కాసేపు పలక పట్టించాను. వానలు మొదలయ్యేనాటికి నా కొడుకు తనకు తోచిన మాటొకటి రాసి, "చదువు చూస్తాం" అన్నాడు. పిల్ల ఆగి ఆగి, "ప... లు... పు. పలుపు, నాయనా!" అంది. వాడు పలక పిల్ల చేతికిచ్చి, "గొర్రెలకు నేనే పోతాలే" అని కర్ర తీసుకుని లేచాడు.

నేర్పే పద్ధతి తెలియక, రాని పిల్లకు మొద్దు అని పేరు పెడతాం. ఆ పేరు మా పిల్ల మీద నుంచి తీసేసిన టీచరమ్మ చల్లగా ఉండాలి. మీరూ ఇలా పోయేటట్టయితే, పిల్లకు పొద్దున్నే కడుపు నిండా సంగటి పెట్టి బస్సెక్కించండి. ఆకలి మీదున్న పిల్లకు ఏ అక్షరమూ తలకెక్కదు.