ఇద్దరి సోఫాలో రెండో చోటు

కొత్తగా కాపురం పెట్టిన మా అమ్మాయి నిన్న నెల్లూరులో ఏదో దుకాణం నుంచి వీడియో కాల్ చేసి, ఇద్దరు కూర్చునే బుల్లి సోఫా చూపించింది. చూపించి ఊరుకోక, అల్లుడూ తనూ దాని మీద భుజాలు రాసుకుంటూ కూర్చుని, బాగుందా నాన్నా అని అడిగింది. బాగుందన్నాను. అలాంటిదే మా హాల్లో పాతికేళ్లుగా ఉంది. నేనూ మా ఆవిడా దాని మీద కలిసి కూర్చున్న పాపాన పోలేదు.

పెళ్లయిన కొత్తల్లో కావలి వెళ్లి కొన్నాం. కాళ్లు చాపుకోవచ్చని నా మనసు మూడు సీట్లదాని మీద పడింది. మా ఆవిడ ఒప్పుకోలేదు. "మూడో చోటుంటే మూడో మనిషొస్తారు" అని నాకు మాత్రమే వినబడేట్టు చెప్పి, ఈ చిన్నదాని మీద చెయ్యి వేసి నిలబడింది. రొయ్యల పెట్టెలు దించి తిరిగొస్తున్న ఆటోలో వేసుకొచ్చాం. ఆ వాసనకి దారి పొడుగునా పిల్లులు బారులు తీరి మమ్మల్ని సాగనంపాయని నేను చెబుతుంటాను, నమ్మినవాళ్లూ ఉన్నారు. మా ఊరి సముద్రపు గాలి ఎలాంటిదంటే, కిటికీ తెరిచిపెడితే పులుసులో వేరే ఉప్పక్కర్లేదు. అందుకని మేకులు తుప్పు పట్టకుండా సోఫాని కిటికీకి దూరంగా, వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించింది. ఎసరు మీద ఒక కన్నేసి కాసేపు నా పక్కన కూర్చోవచ్చని ఆమె ఆశ.

ఆ సాయంత్రం అలా కూర్చుందో లేదో, మాతోనే ఉండే మా మేనత్త లోపలికొచ్చింది. పెద్దల ముందు మొగుడి పక్కన కూర్చోవడం అప్పట్లో మా ఇళ్లలో లేదు. నిప్పు తొక్కినట్టు లేచింది మా ఆవిడ. "లేయబాక పాపా, కూసో" అంటూనే అత్త ఆ చోట్లో కూర్చుంది. నేనూ లేచాను. నా చోట్లో ఆకువక్క పెట్టె పెట్టుకుని, "ఏందిరా అబ్బయ్యా, ఇంత చిన్నది తెచ్చినావు, నాకూ నా పెట్టెకే సరిపోయె" అంది.

ఎన్నేళ్లు కూర్చుందంటే, రెక్సిన్ మీద ఆమె ఆకారం అచ్చుపడి, ఆమె వీధిలోకి వెళ్లినా సోఫాలో ఉన్నట్టే ఉండేది. మా ఆవిడ గుమ్మానికి భుజం ఆనించి నిలబడి నా కోతలు వినేది. వచ్చినవాళ్లు నవ్వే చోట నవ్వేది కాదు, అబద్ధం ఎక్కడ మొదలైందో ఆమెకు తెలుసు. ఒకసారి సోఫాని మా గదిలోకి జరిపించాను. అత్త రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూటకి మా ఆవిడే ఒక కొస పట్టుకుని హాల్లోకి తెచ్చింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అత్త పోయిన ఏడు పోయింది. కర్మకాండ అయ్యాక సోఫా తుడిచి, ఒక పక్కన కూర్చుని మా ఆవిడను పిలిచాను. నిలబడే అలవాటైపోయిందిలెమ్మంది. తర్వాత మోకాళ్లు పట్టేశాక, ఆ అలవాటూ పోయి, తనే వచ్చి కూర్చుంది.

నిన్న ఫోను పెట్టేసి చూస్తే, ఒక సీట్లో తనుంది, రెండో సీట్లో బియ్యం చాటా, మోకాళ్ల నూనె సీసా ఉన్నాయి. కూర్చోనా అని అడిగాను. తల ఎత్తకుండానే, "ఆ గుమ్మం దగ్గర నిలబడండి, గాలొస్తది" అంది.

ఇప్పటి పిల్లలు పెద్దల ఎదుటే పక్కపక్కన కూర్చుంటున్నారు, ఏ ఇంటి దూలమూ విరిగి పడలేదు. మా ఇంటిదీ పడేది కాదు. వెళ్లి గుమ్మానికి ఆనుకున్నాను. అక్కడ ఆమె భుజం రాసుకుని రంగు పోయిన చోటు నా గుండెల దగ్గరికొచ్చింది.