లాక్టిక్ ఆసిడ్ మీద వేసిన నింద

మొన్న మా స్కూల్ స్పోర్ట్స్ డే నాడు నా కాళ్లు పోయినాయప్పా. మర్నాడు పరువు పోయింది. కాళ్లు నాలుగు రోజులకు తిరిగొచ్చినాయి, పరువే ఇంకా రాలేదు!

నగొద్దండి. మొత్తం వినండి.

నేను జమ్మలమడుగు పక్కన హైస్కూల్లో బయాలజీ చెప్తానని మీకు తెలుసు కదా. ప్రొద్దుటూరులో బస్సెక్కితే బడి ముందరే దిగుతా. రోజంతా నా నడక అంతే. వయసు నలభై ఎనిమిది. ఆ వారమే పదో తరగతికి శ్వాసక్రియ పాఠం జరుగుతాండాది. "ఏటీపీ అంటే కణం వాడుకునే శక్తి. ఒక గ్లూకోజుకు ఆక్సిజన్ తోడైతే కణం దాన్ని పూర్తిగా కాల్చి ముప్పై దాకా ఏటీపీలు రాబట్టుకుంటాది. ఆక్సిజన్ చాలకపోతే మధ్యలోనే ఆపేస్తాది. రెండంటే రెండే! మిగిలింది లాక్టిక్ ఆసిడ్ అవుతాది" అని బోర్డు నిండా రాసినా.

స్పోర్ట్స్ డే నాడు స్టాఫ్‌కు పరుగు పందెం పెట్టినారు. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు. మనుషులు చాలక పీఈటీ సారు మధ్యాహ్న భోజనం వండే ఓబులమ్మను గూడా పిలిచినాడు. యాభై దాటిన మనిషి. కొంగు నడుముకు దోపుకోని, చెప్పులు విడిచి వచ్చి నిలబడింది.

"సారూ, పందేలు నాకేం తెలుసు? మెల్లగా వస్తా, నగొద్దండి" అనింది.

"ఏం ఫర్వాలేదు ఓబులమ్మా, నిదానంగా రా" అన్నా. పెద్ద ఛాంపియన్ మాదిరి!

విజిల్ పడింది. పిల్లోళ్లు "జయరాజు సార్! జయరాజు సార్!" అని అరుస్తాండారు. ఆ అరుపులకు నాకు ఇరవై ఏండ్లొచ్చినట్టు అనిపించింది. మొదటి రౌండంతా నేనే ముందు. లెక్కల సారు ఆయాసపడి పక్కకు తప్పుకున్నాడు. రెండో రౌండ్ సగానికి నా తొడల్లో మంట మొదలైంది. గాలి ఎంత పీల్చినా చాలడం లేదు. మూల మలుపు కాడ పిక్క పట్టేసింది, దబ్బున కూర్చున్నా. కూర్చున్నావా, పడ్డావా అని అడగొద్దు. వీడియో ఉండాది.

ఓబులమ్మ మొదట్నుంచీ ఒకటే తీరుగా పరిగెత్తి వస్తాంది. నా కాడ ఆగింది.

"ఏమైంది సారూ? నీళ్లు తెచ్చేదా?"

"నువ్వు పోమ్మా!"

పోయింది. ఫస్టొచ్చింది!

రోజూ వాళ్ల ఊరి నుంచి బడికి మూడు కిలోమీటర్లు నడిచి వస్తాదంట. తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. ఇన్నేండ్లుగా ఆమె వండింది తింటాండా. యాడ నుంచి వస్తావమ్మా అని ఒక్కనాడూ అడిగిండ్లేదు. ఆ సంగతి కాళ్ల నొప్పి కంటే ఎక్కువ గుచ్చుకునింది.

మర్నాడు కాళ్లు వంగవు. కండక్టరు చెయ్యి పట్టుకోని దించినాడు. బెంచీలు పట్టుకోని క్లాసులోకి పోయినా. ఐనా మాస్టరు బుద్ధి యాడికి పోతాది?

"చూస్తాండారా పిల్లలూ? నిన్న ఆక్సిజన్ చాలక తయారైన లాక్టిక్ ఆసిడ్ ఇది. ఈ రోజు నొప్పి పెడతాంది!"

మూడో బెంచీలో షాహీన్ లేచింది. శానా నెమ్మది పిల్ల. ఏడాదంతా ఒక్క ప్రశ్న అడగలేదు.

"సార్, ఆక్సిజన్ అందితే లాక్టిక్ ఆసిడ్ పోతాదని సోమవారం చెప్పినారు కదా?"

"అవునమ్మా."

"మీరు నిన్నటి నుంచి గాలి పీలుస్తానే ఉండారు కదా సార్? మల్ల అది ఇంకా యాడుండాది?"

"రేపు చెప్తా, కూర్చోమ్మా" అని తప్పించుకున్నా.

ఇంటికి పోయి పుస్తకాలు తిరగేసినా. పిల్ల చెప్పిందే నిజం. లాక్టిక్ ఆసిడ్ కండరంలో ఉండేది గంటో గంటన్నరో, అంతే! గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటాది, కాలేయం దాన్ని తిరిగి గ్లూకోజు చేస్తాది. మర్నాటి నొప్పి వేరే. అలవాటు లేని పని చేస్తే కండరంలో సన్నగా చిరుగులు పడి, ఆ వాపుతో వచ్చే నొప్పి అది. ఇరవై రెండేండ్లుగా నేను లేని నిందను లాక్టిక్ ఆసిడ్ మీద వేస్తాండా! నా భార్య సుజాత కాళ్లకు కాపడం పెడుతూ "తప్పయితే తప్పని చెప్పేదానికి ఏంది కష్టం?" అనింది. ఆమెకేం, చెప్పాల్సింది నేను.

మర్నాడు చెప్పినా. "షాహీన్ కరెక్టు, నేను తప్పు." ఆ పిల్లనే బోర్డు కాడికి పిలిచి, సరైనది రాయమన్నా. సుద్దముక్క పట్టుకోని రాస్తాంటే మొహం వెలిగిపోతాంది. నేను అంతకు ముందు ఎన్ని పాఠాలు చెప్పినా ఆ మొహంలో ఆ వెలుగు చూడలేదు.

ఐనా మనసు ఊరుకోలేదు. ఇంతకు ముందు పులివెందులలో తొమ్మిదేండ్లు పని చేసినా కదా, ఆ పిల్లలందరికీ ఇదే తప్పు చెప్పినా! వాళ్ల వాట్సాప్ గ్రూపులో నేనూ ఉండా. సాయంత్రమంతా కూర్చోని, కొట్టేసి మల్లీ రాసి, పెద్ద మెసేజి పెట్టినా. మీకు తప్పు నేర్పినందుకు క్షమించండి, సరైనది ఇది అని.

పది నిమిషాల్లో పదిసార్లు ఫోను తీసి చూసినా. అప్పుడు, అరటి తోట చూసుకుంటాండే ఒక పాత శిష్యుడు జవాబు పెట్టినాడు.

"బాధపడాకండి సార్. మీరు చెప్పింది మాలో ఒక్కరికీ గుర్తుల్యా!"

నా క్షమాపణకు ఒక్క లైకూ రాలేదు గానీ, వాని జవాబుకు గ్రూపంతా లైకులే లైకులు!